లాడం లేని గిట్ట: మేత, నేల, నడక

గుర్రాన్ని నిలిపే ఆవరణలో గుండ్రటి రాళ్లు పరచాలని క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు రచయిత జెనోఫన్ తన అశ్వపాలన గ్రంథంలో సూచించాడు. వాటిపై కదలాడుతుంటే గిట్టలు గట్టిపడతాయని ఆయన అభిప్రాయం. అమెరికాలోని గ్రేట్ బేసిన్ అడవి గుర్రాలను పరిశీలించిన జైమీ జాక్సన్ 1992లో ప్రచురించిన ‘ది నేచురల్ హార్స్’ గ్రంథంతో ఈ ఆలోచనకు మళ్లీ ఆదరణ లభించింది. అయితే లాడం తీసివేసినంత మాత్రాన అది సహజ సంరక్షణ కాదు.

గిట్ట నిర్మాణం

గిట్ట గోడ నెలకు సుమారు 6 నుండి 10 మి.మీ. పెరుగుతుంది. ముందు భాగంలో పైఅంచు వద్ద పుట్టిన కొమ్ము పదార్థం నేలను చేరడానికి 9 నుండి 12 నెలలు పడుతుంది. కనుక నేటి పోషణ ఫలితం పూర్తిగా కనిపించడానికి దాదాపు ఏడాది వేచి ఉండాలి. గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచేవి లామినే అనే సున్నితమైన పొరలు. ఇవి దెబ్బతినడమే లామినైటిస్. వ్యాధి ముదిరితే ఎముక కిందికి జారి, గుర్రం శాశ్వతంగా కుంటిదవుతుంది.

మేత పాత్ర

ఆరోగ్యంగా ఉన్న పోనీల రక్తంలో గ్లూకోజ్‌ను సాధారణ స్థాయిలో నిలిపి, ఇన్సులిన్‌ను మాత్రమే పెంచినప్పుడు 72 గంటలలోపే లామినైటిస్ వచ్చినట్లు 2007లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగం నిరూపించింది. అందువల్ల గిట్ట సంరక్షణ పచ్చిక బయలు నుండే మొదలవుతుంది. రై గడ్డి, ఫెస్క్యూ వంటి శీతల మండల జాతులు ఎండ కాసే పగళ్లు, చల్లని రాత్రులు ఉన్న రోజులలో ఫ్రక్టాన్ అనే చక్కెరలను అధికంగా నిల్వ చేస్తాయి. గరిక వంటి ఉష్ణమండల గడ్డి జాతులు ఆకులలో పిండిపదార్థాన్ని మాత్రమే, అదీ పరిమితంగా నిల్వ చేస్తాయి. అందువల్ల తెలుగు ప్రాంతాలలో పచ్చిక కంటే అతిగా పెట్టే ధాన్యపు దాణా విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.

నేల, నడక

ఆస్ట్రేలియా అడవి గుర్రాలు రోజుకు సగటున 16 కి.మీ. దాకా నడుస్తాయని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. అయినా వాటి గిట్టలలోనూ లోపాలు, లామినైటిస్ ఆనవాళ్లు కనిపించాయి. అడవి గిట్టలన్నీ ఆదర్శమైనవి కావని దీనివల్ల తెలుస్తుంది. మరోవైపు, మూత్రంతో తడిసిన కొట్టంలో కదలక నిలిచే గుర్రానికి అరికాలి మధ్యనున్న త్రికోణాకారపు మెత్తని భాగం కుళ్లి, దుర్వాసనతో నల్లని స్రావం కారుతుంది.

ఆచరణ

• గిట్టలను రోజూ శుభ్రపరచి పరీక్షించాలి. కొట్టం పొడిగా ఉండాలి.
• 4 నుండి 8 వారాలకు ఒకసారి నిపుణునిచే అంచులను ఆకురాయితో సరిచేయించాలి. అరికాలిని లోతుగా చెక్కరాదు.
• లాడం తీసిన తొలి వారాలలో మెత్తని నేలపై నడిపించి, క్రమంగా గట్టి నేలకు అలవాటు చేయాలి.
• ఎండుగడ్డి, పచ్చిక ప్రధాన మేతగా ఉండాలి. దాణాను పనికి తగినంతే ఇవ్వాలి.
• గుర్రం ముందుకాళ్లు చాచి వెనుకకు ఒరిగి నిలబడినా, గిట్ట వేడిగా ఉండి పైభాగంలో నాడి బలంగా కొట్టుకుంటున్నా వెంటనే దాణా ఆపి పశువైద్యుని పిలిపించాలి.

రాతి దారులపై బరువులు మోసే గుర్రాలలో గిట్ట పెరుగుదల కంటే అరుగుదల ఎక్కువైతే లాడం తప్పనిసరి కావచ్చు. విస్తరణ శాస్త్రవేత్తలు సలహా ఇచ్చే ముందు గుర్రం ఏమి తింటున్నదో, ఏ నేలపై నిలుస్తున్నదో, ఎంత నడుస్తున్నదో తెలుసుకోవాలి. లాడం వేయాలా, తీయాలా అన్నది ఆ తరువాత నిర్ణయించవలసిన విషయం.