బడి కదిలితే బస్సు ఎవరికి?

తిరువళ్ళూరుకూ తిరుత్తణికీ నడుమ, తిరుపతి రోడ్డుమీద ఉన్నది మన కనకమ్మ సత్రం. ఇటువంటి ఊళ్లో బడిని వేరొకచోటికి మార్చితే బస్సు ఏయే ఇళ్లకు వేయాలి? తమిళనాడు 2011 నాటి విద్యాహక్కు నిబంధనలు అయిదో తరగతివరకు ఒక కిలోమీటరు, ఎనిమిదివరకు మూడు కిలోమీటర్లలో బడి ఉండాలన్నవి. బాగానే ఉన్నది. కాని ఆ కొలత పిల్ల ఏ భాషలో చదువుతున్నదో అడగదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుంచి మదరాసు రాష్ట్రానికి పోయింది; ఇళ్లలో తెలుగు పోలేదు. తెలుగు బడి కదిలితే, దగ్గరి తమిళ బడి కిలోమీటర్ల లెక్కకు సరిపోతుంది గాని ఆ పిల్లకు సరిపోదు. కనుక పటంమీద వలయం గీయకమునుపే పిల్లల ఇళ్లు గుర్తించి, నడిచే దారిని కొలవాలంటాము. పెద్దరోడ్డు దాటవలసిన పసివానికి అర కిలోమీటరూ దూరమే. ఉచిత పాసు ఉన్నదిగదా అంటారు కొందరు. ఉన్నది, సరే; మొదటి గంట కొట్టకముందు బస్సు రావద్దూ?