నూరేళ్ల సంఘం, ఒక్క గీత

సంస్థ చరిత్రను ఫోను తెర మీద గీతగా పరిచే కాలమిది. ఆ గీత నిన్నటి దగ్గరే ఆగకుండా రేపటి దాకా సాగితే ఏమవుతుంది? పటమటలోని ఒక చిరునామా ఆసరాగా ఈవారం ముఖచిత్ర కథనం.

శతజయంతి వస్తోందంటే మన సంస్థలకు బాగా తెలిసిన దారి సావనీరు. ముందు ప్రముఖుల సందేశాలు, వెనక వ్యాపార ప్రకటనలు, నడుమ ‘సింహావలోకనం’ పేరిట నాలుగు పేజీల చరిత్ర. సభ ముగిశాక మిగిలిన ప్రతులు బీరువా పైకెక్కుతాయి. మళ్లీ ఉత్సవం వస్తే ఆ నాలుగు పేజీలకే మరో పేరా అతుకుతారు.

ఇప్పుడు ఇంకో దారి ఉంది. సంస్థ పుట్టిననాటి నుంచి గీత, దాని మీద చుక్కలు. చుక్కను తాకితే ఆనాటి ఫొటో, తీర్మానం నకలు, ఒక పెద్దాయన జ్ఞాపకం తెరుచుకుంటాయి. రెండు వేళ్లతో సాగదీస్తే దశాబ్దం నెలలుగా విడిపోతుంది. ఇదే ఇంటరాక్టివ్ టైమ్‌లైన్. కంపెనీలు, విశ్వవిద్యాలయాలు వీటిని ముచ్చటపడి చేయించుకుంటున్నాయి. చిక్కేమిటంటే, చాలా వాటిలో విజయాలే చుక్కలవుతాయి. అప్పుడు అది తెర మీద కదిలే సావనీరే.

సర్వోత్తమ భవనం నుంచి

విజయవాడ పటమటలో సర్వోత్తమ భవనం ఉంది. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘం నెలవు అది. ఆ పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావుది. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన సంపాదకీయానికి జైలుకెళ్లిన ఆయన, తర్వాత ఈ సంఘానికి దీర్ఘకాలం అధ్యక్షులుగా ఉన్నారు. తెలుగునాట టైమ్‌లైన్ గీయదగ్గ సంస్థలను ఏరితే ఇది ముందు వరుసలో ఉంటుంది.

మొదటి చుక్క సంఘం కంటే ముందే పడాలి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వచ్చింది. 1914 ఏప్రిల్ 10న అక్కడే, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ కార్యకర్తలు సమావేశమయ్యారు. ఆ సభలోనే ఈ సంఘం, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పేరుతో, ఏర్పడింది. 1919లో మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ సభ దాకా ఉద్యమం నడిచింది. ఆ పనికే జీవితం ధారపోసిన అయ్యంకికి 1972లో పద్మశ్రీ వచ్చింది.

ఇంతవరకు సావనీరు కూడా చెబుతుంది. గీత చెప్పేది ఆ తర్వాత కనిపిస్తుంది. సంఘం పుట్టింది 1914లో. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది 1948లో. ఆంధ్రప్రదేశ్ చట్టం 1960లో. వాక్యంలో పక్కపక్కన కూర్చునే ఈ ఏళ్ల మధ్య గీత మీద ఎంత దూరమో చూడండి: మొదటి చట్టానికే 34 ఏళ్లు. ఆ నడుమ ఊళ్లలో గ్రంథాలయాలను నడిపింది చందాలు, విరాళాలు, సాయంకాలం తలుపు తీసే కార్యకర్తలు. ఉద్యమం అసలు బతుకంతా ఆ ఎడంలోనే ఉంది.

ఒక గీత చాలదు

అందుకే మంచి టైమ్‌లైన్‌లో వరుసలుంటాయి. మనుషులకొకటి, చట్టాలకొకటి, డబ్బుకొకటి. కావలసిన వరుసను తెరుచుకోవచ్చు, అక్కర్లేనిది మూసేయొచ్చు.

డబ్బు వరుసే తీసుకుందాం. ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంది. స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఏ ఏడు ఎంత వసూలైంది, ఎంత జమైంది అన్నది చట్టాల వరుస కిందే పెడితే, చట్టం కాగితం మీద ఎంత, అల్మారాలో ఎంత అన్నది ఉపన్యాసం అక్కర్లేకుండా తెలిసిపోతుంది.

కొన్ని చుక్కలకు పటం కూడా తోడు కావాలి. 1935లో పాతూరి నాగభూషణం పడవ మీద గ్రంథాలయం నడిపారు. గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో ప్రయాణికులు పుస్తకాలు చదువుకుంటూ వెళ్లేవారు. ఆయనే తర్వాత ఏళ్ల తరబడి సంఘం కార్యదర్శిగా పనిచేశారు. ఆ పడవ సంగతి నేటి పిల్లవాడికి అర్థం కావాలంటే 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దాని కాలువలు, ఆ కాలువల్లో జనం చేసిన ప్రయాణాలు పక్కనే కనిపించాలి. రోడ్లూ బస్సులూ పెరిగి కాలువ ప్రయాణాలు పోయిన సంగతీ ఉండాలి.

తేదీ తెలియకపోతే?

ఊరి గ్రంథాలయం ఎప్పుడు మొదలైందంటే ‘స్వాతంత్ర్యానికి ముందే’ అంటారు. ఈ బాధ పాతదే. 1765లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ సుమారు 2,000 మంది ప్రముఖుల జీవితాలను గీతలుగా ఒకే పటం మీద వేశారు. కచ్చితంగా తెలిసిన చోట నిండు గీత, అనుమానమున్న చోట చుక్కలు. మనం చేయాల్సిందీ అంతే. తెలియని తేదీకి తోచిన ఒక ఏడాది అంటగట్టడం కంటే చుక్కల గీత నిజాయతీ. అది చూసి ఎవరో ఒకరు పాత తీర్మానాల పుస్తకమో, శిలాఫలకం ఫొటోనో పంపిస్తారు.

పనిముట్లకు కొదవ లేదు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నైట్ ల్యాబ్ రూపొందించిన టైమ్‌లైన్‌జేఎస్ ఉచితం. గూగుల్ షీటులో ఘటనకొక అడ్డువరుస: సంవత్సరం, నెల, తేదీ, శీర్షిక, నాలుగు మాటలు, ఫొటో లింకు. డిగ్రీ చదివే పిల్లలు చేసేయగలరు. కష్టమంతా ఆ అడ్డువరుస నింపడంలోనే. సంఘం తీర్మానాల పుస్తకం, పుస్తకాల నమోదు రిజిస్టరు, పాత పత్రికల సంచికలు ముందేసుకుని ఎవరో కూర్చోవాలి. ఫొటోలోని మనుషుల పేర్లు గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే కూర్చోవాలి.

ఇవాళ్టికి అవతల

ఇక అసలు పరీక్ష. ప్రణాళికలను వేరే పేజీలో, ‘మా లక్ష్యాలు’ అన్న పెట్టెలో పెడితే వాటికి తేదీ ఉండదు. అదే గీత మీద పెట్టాలంటే తేదీ రాయక తప్పదు. ఏ సంస్థైనా ‘పాత సంచికలన్నీ డిజిటైజ్ చేస్తాం’ అని ప్రకటించిందనుకుందాం. గీత అడుగుతుంది: ఎప్పటికి? ఎవరి బాధ్యత? డబ్బెక్కడిది?

గడువు దాటితే ఆ చుక్కను చెరిపేయకూడదు. కొత్త తేదీన కొత్త చుక్క పెట్టి, పాతదాన్ని అక్కడే ఉంచాలి, ఎందుకు ఆలస్యమైందో ఒక్క వాక్యం రాయాలి. చట్టం కోసం 34 ఏళ్లు ఆగిన సంఘానికి ఆలస్యం సిగ్గుపడాల్సిన సంగతేమీ కాదు. వాయిదా పడ్డ చుక్కలను కూడా సభ్యుల ముందు ఉంచగలిగిన సంస్థే, తర్వాతి పనికి చందా అడిగినప్పుడు నమ్మకంగా అడగగలుగుతుంది.