కప్పు మీది ట్యాంకు ఎవరిది?

పదిమంది చేతిలో పాము చావదని సామెత. ఆదిత్యపూర్‌లో మేము నివసించే భవనం కప్పు మీది నీళ్ల ట్యాంకు విషయంలో ఈ సామెత అక్షరాలా నిజమైంది. నాలుగు కుటుంబాలు, ఒకే ట్యాంకు. మోటారు వేసేందుకు వంతులున్నాయి. కరెంటు బిల్లు పంచుకునేందుకు లెక్కలున్నాయి. ట్యాంకు కడిగేందుకు మాత్రం వంతూ లేదు, లెక్కా లేదు.

గత వేసవిలో మా పొరుగింటి చిన్నారికి పచ్చకామెర్లు వచ్చాయి. డాక్టరుగారు పరీక్షించి, జాగ్రత్తలన్నీ చెప్పి, చివరగా ఒక ప్రశ్న వేశారు: "మీ నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారు?" నాలుగిళ్లలో ఏ ఒక్కరి వద్దా సమాధానం లేకపోయింది. కలుషితమైన నీటి వల్ల, ఆహారం వల్ల వ్యాపించే హెపటైటిస్-ఎ వ్యాధి, వైరస్ శరీరంలో చేరిన 2 నుంచి 6 వారాల తరువాతగాని బయటపడదు. కనుక ఆ జబ్బుకు మా ట్యాంకే కారణమని నిర్ధారించలేము. కాదని గుండె మీద చేయి వేసుకుని చెప్పగల స్థితిలోనూ మేము లేము.

ఆ ఆదివారమే నాలుగిళ్లవారమూ కప్పెక్కాము. ట్యాంకు మూత ఒకవైపు పగిలి ఉంది. లోపలి గోడలకు పాచి, అడుగున వేలెడు మందాన ఎర్రని మడ్డి, నీటిలో దోమపిల్లలు. ఇన్నాళ్లూ ఆ నీటితోనే వంట చేసుకున్నామన్న తలంపు మమ్మల్ని సిగ్గుపడేలా చేసింది.

ఈ సందర్భంలో మాకు ఒక తెరచాప పడవ గుర్తుకు వచ్చింది. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 'తారిణి' అనే 55 అడుగుల పడవలో 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చిన సంగతి పాఠకులకు విదితమే. వారిలో విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువారు కావడం మనకెంతో గర్వకారణం. అటువంటి ప్రయాణాలలో చుట్టూ సముద్రమే అయినా తాగేందుకు అక్కరకు వచ్చేది పడవలోని మంచినీరే. అది చెడితే కబురంపేందుకు పొరుగిల్లు లేదు, ట్యాంకరు లేదు. అందుకే దూరయానం చేసేవారు తెరచాపను చూసుకున్నంత శ్రద్ధగా నీళ్ల ట్యాంకునూ చూసుకుంటారు. ప్రయాణానికి ముందే దానిని ఖాళీ చేసి, తోమి, క్లోరిన్ నీటితో నింపి, ఆ నీటిని ప్రతి గొట్టం గుండా, ప్రతి కుళాయి గుండా పారిస్తారు. మురికి ట్యాంకులోనే కాదు, గొట్టాలలోనూ దాగి ఉంటుందని వారికి తెలుసు.

ఆ పద్ధతినే మేమూ అనుసరించాము. ముందుగా కరెంటు ఆపి, ట్యాంకు ఖాళీ చేశాము. పొడవాటి కర్రకు కట్టిన బ్రష్షుతో గోడలు తోమి, మడ్డిని ఎత్తిపోసి, రెండుసార్లు కడిగాము. ఈ పని చేయకుండా మందు మాత్రం కలిపితే ప్రయోజనం స్వల్పం. క్లోరిన్ బలమంతా మడ్డితోనే ఖర్చయిపోతుంది. శుద్ధి చేసిన నీటిలో మిగిలి ఉండవలసిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములని భారతీయ ప్రమాణం చెబుతోంది. ఎంత శుద్ధమైన నీరు వచ్చినా, మురికి ట్యాంకులో చేరితే ఆ కాస్త రక్షణ కూడా మిగలదు.

తరువాత ట్యాంకును మళ్లీ నింపి క్లోరిన్ కలపాలి. లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 1000 లీటర్లకు కావలసిన క్లోరిన్ 50 గ్రాములు. తాజా బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ సుమారు మూడోవంతు ఉంటుంది కనుక 150 గ్రాముల పొడి సరిపోతుంది. పొడిని ప్లాస్టిక్ బకెట్టులో నీటితో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. ప్రతి కుళాయినీ క్లోరిన్ వాసన వచ్చేదాకా విప్పి, కట్టివేసి, 12 గంటలు అలాగే ఉంచాలి. ఆ నీరు తాగరాదు, వంటకు వాడరాదు. వాటర్ ఫిల్టరు ఉంటే ముందే దాని పైపు విడదీయాలి. మరునాడు ఆ నీటినంతా వదిలి, ఘాటు పోయేదాకా మంచినీటితో కడగాలి. చాలాకాలం నిల్వ ఉన్న పొడి బలం కోల్పోతుందనీ, తేమ, ఎండ దానికి శత్రువులనీ గుర్తుంచుకోవాలి.

రెండు హెచ్చరికలు తప్పనిసరి. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో గాని, మరుగుదొడ్లు కడిగే ద్రవాలతో గాని ఎన్నడూ కలపరాదు. ప్రాణాపాయకరమైన విషవాయువు వెలువడుతుంది. అలాగే, నేలలోని సంపులోకి ఎవరూ దిగరాదు. మూత వేసి ఉన్న సంపులో గాలి చెడి ఉండవచ్చు. ఒకరు దిగి పడిపోతే, రక్షించబోయి రెండోవారూ పడిపోయిన విషాదాలు ఎన్నో. దిగక తప్పని సంపును అనుభవజ్ఞులకే అప్పగించడం శ్రేయస్కరం.

ఇక్కడి తెలుగు కుటుంబాలవారము ఉగాదికి ముందు ఇంటిని మూలమూలలా శుభ్రం చేసుకుంటాము. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు కర్మాగారాలలోని యంత్రాలను తుడిచి బొట్టు పెడతాము. ఏడాదికి రెండుసార్లు ట్యాంకు కడిగేందుకు ఇంతకు మించిన తిథులు ఏమి కావాలి? మొదటిది వేసవికి ముందు వస్తుంది. రెండవది వర్షాలు తగ్గుముఖం పట్టే వేళ వస్తుంది.

మా ట్యాంకుకు ఇప్పుడు కొత్త మూత ఉంది. దాని పక్కన కడిగిన తేదీ ఎర్ర రంగుతో రాసి ఉంది. ఆ అంకెలను వేసినది కోలుకుని మళ్లీ బడికి వెళ్తున్న ఆ పొరుగింటి చిన్నారే. తేదీ కింద నాలుగిళ్ల వంతులు వరుసగా ఉన్నాయి. డాక్టరుగారి ప్రశ్నకు ఇప్పుడు మావద్ద సమాధానం ఉంది. ఆ ప్రశ్న మీ ఇంటికి రాకముందే ఒక్కసారి మీరూ కప్పెక్కి మూత తీసి చూడవలసిందిగా సహోద్యోగులందరికీ, వారి కుటుంబ సభ్యులకూ మా మనవి.