మూలం: గూగుల్... ఇంతకీ రాసిందెవరు?

డిగ్రీ, పీజీ ప్రాజెక్టు రిపోర్టుల చివరి పేజీల్లో ‘మూలం: గూగుల్’ అన్న ముక్క ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. గూగుల్ వెతికి పెట్టింది సరే, ఆ సంగతి రాసిందెవరో, ఏ ఆధారంతో రాశారో పిల్లలు చూసుకోలేదన్నమాట. అందుకు వాళ్లను తిట్టి లాభం లేదు. ఇంటర్ దాకా మనం నూరిపోసింది ఒక్కటే: అకాడమీ పుస్తకంలో ఉన్నది నిజం, ‘కీ’లో ఉన్నది జవాబు. అలా చదువుకొచ్చిన పిల్లలు కాలేజీలో చేరిన మర్నాడే ‘వీళ్లకిది ఎలా తెలుసు?’ అని అడగమంటే అడగలేరు. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాలి.

ఆ పనిని ఇక వాయిదా వేయలేం కూడా. నమ్మదగ్గ జర్నళ్లంటూ యూజీసీ నడిపిన ‘కేర్’ జాబితా 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఏది మంచి జర్నలో తేల్చుకునే బాధ్యత విద్యాసంస్థల మీదే పడింది. జాబితా పోయిందని కంగారు పడేవాళ్లు అంతకుముందు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవాలి. యూజీసీ ఆమోదించిన జర్నళ్లలోంచి 4,305 పేర్లను 2018 మేలో ఒక్క దెబ్బకు తీసేయాల్సి వచ్చింది. అప్పటిదాకా వాటన్నిటికీ ఆమోదముద్ర ఉంది! జాబితాలో పేరు చూసుకుని పేపరు చదవడం మానేస్తే వచ్చే ముప్పు ఇదే.

చదివితే తెలిసిపోయేది

జాన్ బొహానన్ అనే విలేకరి 2013లో ‘సైన్స్’ పత్రిక కోసం ఒక దొంగ పేపరు తయారుచేశాడు. లైకెన్ నుంచి తీసిన పదార్థం క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపుతుందని అందులో సారాంశం. రచయితా కల్పితమే, అతని సంస్థా కల్పితమే. రకరకాల పేర్లతో దాన్ని 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 ఒప్పుకున్నాయి. మన దేశంలోని జర్నళ్లలో 64 సరేనన్నాయి, 15 మాత్రమే తిప్పికొట్టాయి.

తప్పును అతనేమీ దాచిపెట్టలేదు. మోతాదు పెరిగేకొద్దీ మందు ప్రభావం పెరుగుతుందని గ్రాఫు కింద రాశాడు. గ్రాఫులో చూస్తే ఏ మోతాదుకైనా ప్రభావం ఒక్కటే. ఇంకోటి, మందును బోలెడంత ఇథనాల్ ఉన్న ద్రావణంలో కలిపి కణాలకు వేశాడు. పోల్చి చూడటానికి పెట్టుకున్న కణాలకు ఆ ద్రావణం వేయనే లేదు. మరి కణాల పెరుగుదల తగ్గింది మందువల్లా, ఇథనాల్‌వల్లా? ఇంటర్‌లో సైన్సు చదివినవాళ్లకు అందే ప్రశ్నే ఇది. ఇలాంటి గ్రాఫు ఒకటి చేతికిచ్చి, కింద రాసిన మాటకూ పైనున్న గీతకూ పొత్తు కుదిరిందేమో చూడమంటే ఒక గంట క్లాసుకు అంతకు మించిన పాఠం ఉండదు.

జర్నల్ సంగతి తేల్చుకోవాలంటే మాత్రం దాని వెబ్‌సైటులోనే తిరిగితే పని జరగదు. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన అధ్యయనంలో పీహెచ్‌డీ చేసిన చరిత్రకారులు కూడా వెబ్‌పేజీలోని లోగోనూ సంస్థ పేరునూ చూసి బోల్తాపడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు ఆ పేజీ మీద ఎక్కువసేపు నిలవలేదు. వెంటనే కొత్త ట్యాబ్ తెరిచి, ఆ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు. పిల్లలకు అలవాటు చేయాల్సింది ఇదే. సంపాదకవర్గంలో ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్లు పనిచేసే యూనివర్సిటీ పేజీల్లో ఈ జర్నల్ ఊసు ఉందేమో చూడాలి. హైదరాబాద్ నుంచి నడిచిన జర్నళ్ల ప్రచురణ సంస్థ ఒమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వేసిన కేసులో ఒక ఆరోపణ ఇలాంటిదే: ఒప్పుకోనివాళ్ల పేర్లను కూడా సంపాదకులుగా చూపారని. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పిచ్చింది.

పేరున్న జర్నల్ అయితే చాలనుకోవడమూ పొరపాటే. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేపరు 1998లో ‘లాన్సెట్’లోనే వచ్చింది. చూసింది 12 మంది పిల్లలను. 2010లో పత్రిక దాన్ని ఉపసంహరించుకుంది. ఆ సంగతి లాన్సెట్ సైటులో కనిపిస్తుంది. వాట్సాప్‌లో తిరిగే స్క్రీన్‌షాటులో కనిపించదు. అందుకే ఏ పేపరునైనా అసలు చోటికి వెళ్లి చూడాలి. ఉపసంహరించుకున్న పేపర్ల వివరాలతో ‘రిట్రాక్షన్ వాచ్’ డేటాబేస్ ఉచితంగానే దొరుకుతుంది.

ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు లేని పేపర్లకు కూడా రచయిత, సంపుటి, పేజీ నంబరు అల్లి ఇస్తున్నాయి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని తీర్పులను కోర్టు ముందు పెట్టారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు.

అధ్యాపకులకు నాదొక విన్నపం. రిపోర్టులో రెఫరెన్సులతో పాటు చదివి పక్కన పెట్టేసిన మూలాలను, ఎందుకు పెట్టేశారో రెండు వాక్యాల్లో రాయమనండి. దానికి మార్కులు కేటాయించండి. మార్కులు లేని పని మన పిల్లలు చేయరు, చేసే తీరిక మనం వాళ్లకు మిగల్చలేదు. వైవాలో ఏదో ఒక రెఫరెన్సును అప్పటికప్పుడు తెరిపించి, అందులో వాళ్లు వాడుకున్న అంకె ఏ పేజీలో ఉందో చూపించమనండి.