పాత క్రిస్మస్ పెట్టెను తూకానికి వేసే ముందు

ఆళ్లగడ్డ వైపు ఒక పల్లె సంఘం పెద్దలు పోయిన నెల మమ్మల్ని ఒక మాట అడిగారు. క్రిస్మస్‌కు ముందు మందిరానికి సున్నం కొట్టించాలని వెనుక గది ఖాళీ చేస్తుంటే ఒక రేకు పెట్టె బయటపడిందట. అందులో పాత పేపర్లలో చుట్టిన గాజు బాల్స్ ఇరవై దాకా, బట్ట చుట్టిన వైరుతో లైట్ల దండ, వెండి పోగుల కట్ట, ఒక పెట్రోమాక్స్ లైటు, దారానికి గుచ్చిన గ్రీటింగ్ కార్డులు ఉన్నాయి. పాత సామాన్ల బండి అతను అన్నీ కలిపి ఆరువందలకు అడిగాడు. "ఇచ్చేయమంటారా? వీటికి ఇంకేమైనా విలువ ఉందా?" అన్నది వాళ్ళ ప్రశ్న.

మేము వెళ్ళి చూశాము. ఆ పెట్టెలాంటివి నంద్యాల జిల్లాలో మరికొన్ని మందిరాల్లోనూ, పాత ఇళ్ళ అటకల మీదా ఉండే ఉంటాయి. అందుకే జవాబు ఆ సంఘానికి మాత్రమే చెప్పి ఊరుకోక ఇక్కడ రాస్తున్నాము.

ఈ ప్రాంతానికి ఇలాంటి సామాను రావడంలో వింత లేదు. ఆళ్లగడ్డకు దగ్గరలోని ముత్యాలపాడు, తరువాత నంద్యాల, 19వ శతాబ్దం నుండే ఎస్.పి.జి. ఆంగ్లికన్ మిషన్ కేంద్రాలు. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. దొరలు, దొరసానులు వెళ్ళిపోయేటప్పుడు కొన్ని వస్తువులు మందిరానికీ, కొన్ని తమ దగ్గర పనిచేసినవారికీ వదిలి వెళ్ళేవారు. ఇక ఆ కార్డులైతే ఇక్కడికి రాకముందే సెకండ్ హ్యాండ్ సరుకు. విదేశీ సంఘాలవారు తమకు వచ్చిన క్రిస్మస్ కార్డులను పోగుచేసి మిషన్లకు పంపేవారు, ఇక్కడ అవి సండే స్కూల్ పిల్లలకు బహుమతులయ్యేవి. వెనుక ఎవరో ఎవరికో రాసిన ఇంగ్లిషు చేతిరాత ఉంటే కార్డు పాడైందని అనుకోకండి. అది ఎక్కడి నుండి వచ్చిందో, ఎప్పటిదో చెప్పే ఆధారం అదే.

మొదట గాజు బాల్స్ సంగతి. జర్మనీలోని లౌషా అనే కొండ ఊరిలో 19వ శతాబ్దం మధ్యలో ఇంటిల్లిపాదీ కూర్చొని గాజు ఊది వీటిని చేయడం మొదలుపెట్టారు. లోపలి మెరుపు రంగు కాదు, వెండి ద్రావణం పోసి తిప్పితే అంటుకున్న పలుచని పొర. 1940 ప్రాంతంలో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ కరెంటు బల్బులు చేసే యంత్రం మీదనే ఈ బాల్స్ చేయడంతో అవి లక్షల్లో తయారయ్యాయి. వాటిలో పేరు పొందినవి షైనీ బ్రైట్. రెండో ప్రపంచ యుద్ధంలో లోహానికి కొరత వచ్చి, లోపల వెండి లేకుండా, పైన రేకు టోపీకి బదులు అట్ట టోపీతో చేశారు. చూడటానికి పేదగా ఉండే ఆ రకాన్నే ఇప్పుడు సేకరించేవారు వెతుక్కుంటారు.

కాబట్టి బంతి అందం కంటే ముందు టోపీ చూడాలి. దాని మీద దేశం పేరు అచ్చయి ఉంటే కాలం తెలిసినట్టే. "యు.ఎస్. జోన్ జర్మనీ" అని ఉంటే యుద్ధం ముగిసిన 1945కూ 1949కీ మధ్యది. "ఆక్యుపైడ్ జపాన్" అంటే 1952 లోపలిది. "వెస్ట్ జర్మనీ" అంటే 1949కీ 1990కీ మధ్యది. మేము చూసిన పెట్టెలో నాలుగింటికి ఈ చివరి ముద్రే ఉంది. మిగతావాటికి ఏ ముద్రా లేదు.

ముద్ర లేనివన్నీ విదేశీవని ఆశపడవద్దు. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ గాజు పనివారు చాలా కాలంగా క్రిస్మస్ బాల్స్ చేసి విదేశాలకు పంపుతున్నారు. కుగెల్ అని పిలిచే మందపాటి పాత జర్మన్ బంతులకు నకళ్ళు మన దేశంలోనే తయారై అమెరికా పాత సామాన్ల కొట్లలో అసలువాటి పక్కన కూర్చున్నాయి. అక్కడివారు మోసపోయేది మన సరుకు చూసి! ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో ఉలితో చెక్కిన రాయికీ మిషన్‌తో కోసిన రాయికీ తేడా చిన్న పిల్లవాడు కూడా చెబుతాడు. గాజు విషయంలోనూ ఆ చూపు కావాలి. పాత బంతి మెడ దగ్గర గాజు కొంచెం వంకరగా, చేత్తో విరిచినట్టు ఉంటుంది. లోపలి వెండి అక్కడక్కడ నల్లబడి ఉంటుంది. టోపీ తీస్తే కనబడే భాగం మరీ శుభ్రంగా మెరుస్తుంటే అనుమానించాలి.

ధర మాటకొస్తే నిజం చెప్పాలి, ఎక్కువ భాగానికి పెద్ద ధర రాదు. ఒంటరి బంతికంటే, అసలు అట్ట పెట్టెలో పన్నెండూ పగలకుండా ఉన్న సెట్టుకు గిరాకీ. పక్షి, పండు, దేవదూత ఆకారాలకు మామూలు గుండ్రటి వాటికంటే ఎక్కువ. నెట్‌లో ఎవరో వేలల్లో ధర పెట్టారని మనవారు ఆ ఫోటో చూపిస్తుంటారు. అది వాళ్ళు అడిగిన ధర. అది ఎంతకు అమ్ముడైందో చూడాలి. కార్డులలో మాత్రం ఒక్కోసారి నిజంగా గొప్ప ధర పలుకుతుంది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన మొట్టమొదటి క్రిస్మస్ కార్డు వెయ్యి ప్రతులలో మిగిలినవి కొద్దే. వాటిలో ఒకటి 2001లో వేలంలో సుమారు 20 వేల పౌండ్లకు పోయింది. అలాంటిది మన అటకల మీద దొరుకుతుందని కాదు. తడిసిన కాగితమని చించేసే ముందు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడమని.

మా మట్టుకు మాకు ఆ పెట్టెలో అన్నిటికంటే విలువైనదిగా తోచింది పెట్రోమాక్స్. జర్మనీ పేరే అయినా మన ఊళ్ళలో ఆ రకం లైటు ఏది కనబడినా పెట్రోమాక్సే. కరెంటు రాని రోజుల్లో క్యారల్స్ రౌండ్లకు ముందు ఒకరు దాన్ని తలమీద పెట్టుకొని నడిచేవారు. వెనుక డప్పు, తాళాలు, పాటలు. చలికి వణుకుతూ తెల్లవారేదాకా తిరిగినవారు ఇప్పటికీ మన సంఘాల్లో ఉన్నారు. ఇత్తడి ట్యాంకు కాబట్టి తూకానికి అడుగుతారు. ఇవ్వకండి. ట్యాంకు మీద పేరు, తయారైన చోటు రాసి ఉన్నాయేమో చూడండి, గాజు చిమ్నీ అసలుదైతే జాగ్రత్తగా దాచండి. పాత మాంటిల్ బూడిదను మాత్రం చేత్తో దులపవద్దు. వాటిలో థోరియం వాడేవారు.

విచారమేమిటంటే, మన సొంత అలంకరణలు ఏ పెట్టెలోనూ మిగలలేదు. వెదురు బద్దలు కట్టి, గాలిపటాల కాగితం అంటించి, లోపల దీపం పెట్టి వేలాడదీసిన స్టార్, సర్వి కొమ్మతో నిలబెట్టిన చెట్టు, జొన్న చొప్పతో వేసిన పశువుల పాక. పండుగ కాగానే అవి పొయ్యిలోకో దిబ్బలోకో పోయేవి. కువైట్ నుండి ప్లాస్టిక్ చెట్లు వచ్చాక చేసేవారూ తగ్గారు. ఎవరి ఇంట్లోనైనా తాత చేతి స్టార్ బద్దలు మిగిలి ఉంటే, వెస్ట్ జర్మనీ బంతికంటే దాన్నే ముందు దాచమంటాము. పది ఉత్తరాలు రాసినా దాన్ని మళ్ళీ ఎక్కడా కొనలేము.

రెండు జాగ్రత్తలు. పాత వెండి పోగులు బరువుగా, మెత్తగా ఉండి, కాగితం మీద గీస్తే బూడిద రంగు గీత పడితే అది సీసం. అమెరికాలో 1972 నుండి వాటిని ఆపేశారు. పిల్లల చేతికి ఇవ్వవద్దు. రెండవది, బట్ట వైరు లైట్లు ప్లగ్‌లో పెట్టి చూడవద్దు. అమెరికా నుండి వచ్చినవైతే అవి మన 230 వోల్టులకు చేసినవే కావు, పైగా లోపలి రబ్బరు పొడి అయిపోయి ఉంటుంది. చూసుకోవడానికే ఉంచుకోండి. గాజు బాల్స్‌ను నీళ్ళతో కడగకండి, రంగు ఊడి వస్తుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, కోడిగుడ్ల అట్టలో పెట్టి, రేకుల కింద అటక మీద కాక కింది గదిలో ఉంచండి. నంద్యాల మే నెల ఎండ ఎలా ఉంటుందో మేము చెప్పనక్కరలేదు.

ఇక కొనేవారితో ఒక మాట. సంఘాలలో ఈ సేకరణ సరదా ఉన్న యువకులు పెరుగుతున్నారు, సంతోషమే. కానీ విలువ తెలిసి, తెలియనట్టు ముఖం పెట్టి, పేదవాడి దగ్గర పదికి కొని వెయ్యికి అమ్మడం వేరే సంగతి. సామెతలు 20:14 చూడండి. బేరం చేసేటప్పుడు సరుకు బాగాలేదని గొణిగి, కొని అవతలికి పోగానే గొప్పలు చెప్పుకునేవాడు అక్కడ ఉన్నాడు. సొలొమోను కాలం నాటి ఆ మనిషి ఇప్పుడు ఫోన్‌లో ఫోటోలు పెడుతున్నాడు, అంతే తేడా. మందిరంలో ఉన్న వస్తువైతే అది అయ్యగారిది కాదు, కోశాధికారిదీ కాదు. జాబితా రాసి, ఫోటోలు తీసి, కమిటీ ముందు పెట్టి, మినిట్స్‌లో రాసిన తరువాతే అమ్మాలి. ఆళ్లగడ్డ పెద్దలు చివరికి లైట్ల దండ తప్ప దేన్నీ అమ్మలేదు. బండి అతనికి శ్రమ ఇచ్చామని టీ తాగించి, ఖాళీ నూనె డబ్బాలు ఇచ్చి పంపారు.

నంద్యాలలో మాకు తెలిసిన రిటైర్డ్ టీచరు ఒకాయన ఏళ్ళుగా ఇలాంటివి పోగుచేస్తున్నారు. రెండేళ్ళ క్రితం పాత సామాన్ల కొట్టులో ఒక అట్ట పెట్టె నూట యాభైకి కొన్నారు. ఇంటికి వచ్చి మూత తుడిస్తే లోపలి వైపు సిరాతో ఒక ఇంటిపేరు, "1968 క్రిస్మస్" అని ఉంది. ఆ ఇంటివారు తమ సంఘంలోనివారే. రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే పెట్టె చంకన పెట్టుకొని వెళ్ళారు. అటక శుభ్రం చేస్తూ మనవడు తెలియక బండికి వేశాడట. ఆ ఇంటి పెద్దామె ఒక్కొక్కటే ఒడిలో పెట్టుకొని చూసి, తోక విరిగిన గాజు పిట్టను మాత్రం తీసుకుంది. చిన్నప్పుడు దాన్ని విరిచింది తానేనట, నాన్న చేతిలో దెబ్బలు కూడా తిన్నదట. మిగతా పెట్టె ఆయన వైపే జరిపింది.

"మీ దగ్గరే ఉండనీండి సారూ. మా ఇంట్లో పెడితే మళ్ళీ బండికే పోతాయి" అంది.