వేళ్లు వంగుతుంటే దాచుకోవద్దు
తొలిదశలో మందులు - ఆలస్యమైతే శస్త్రచికిత్స

కరీంనగర్: బీడీలు చుట్టే చేతిలో చిటికెన వేలు నెమ్మదిగా లోపలికి వంగుతుంది. తర్వాత ఉంగరపు వేలు. ఆకు జారిపోతుంది, దారం చుట్టడం కుదరదు. వాతమనుకొని నూనె రాసుకుంటారు. పొయ్యి మీది గిన్నె దింపితే చేయి బొబ్బలెక్కినా నొప్పి తెలియదు. అప్పుడు అనుమానం వచ్చినా, 'పెద్దరోగం' అంటారేమోనని కొంగు చాటున చేయి దాచుకుంటారు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పల్లెల్లో ఈ దాపరికమే చేతిని పనికిరాకుండా చేస్తున్నది.

నరం దెబ్బతినడమే కారణం

కుష్ఠు క్రిమి నరాలపై దాడి చేస్తుంది. మోచేతి లోపలి వైపు ఎముక వెనుక నుంచి వెళ్లే నరం వాచి దెబ్బతింటే, అరచేతిలోని చిన్న కండరాలు బలహీనపడి చిటికెన, ఉంగరపు వేళ్లు కొంకరపోతాయి. రోగంతో వేళ్లు వాటంతటవే రాలిపోతాయన్నది అపోహ. స్పర్శ లేక తగిలిన గాయాలు, కాలిన పుండ్లు ముదరడం వల్లనే వేళ్లు పాడవుతాయి.

వంగిన వేలల్లా కుష్ఠు కాదు. అరచేతి చర్మం కింది పొర తాడులా గట్టిపడి వేలిని లాగే జబ్బు వేరు. అది వయసు మళ్లిన మగవారిలో, మధుమేహం ఉన్నవారిలో ఎక్కువ. అందులో స్పర్శ పోదు. కీళ్లవాతంతోనూ వేళ్లు వంకరపోతాయి. తేల్చవలసింది వైద్యుడే.

డిచ్‌పల్లి నుంచి నేటి దాకా

పొరుగున నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు రోగులకు వైద్యం ప్రారంభించారు. రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చారు. అప్పట్లో చాల్మూగ్రా జాతి నూనె సూదిమందే ఆధారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. రోగ తీవ్రతను బట్టి ఆరు నెలలు లేదా ఏడాది మందులు వాడితే రోగం నయమవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇవి ఉచితం. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు సోకే ప్రమాదం పోతుంది.

నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందే వస్తే ప్రెడ్నిసొలోన్ మాత్రలతో బలం తిరిగి వచ్చే అవకాశముంది. ఆ గడువు దాటినా దారి మూసుకుపోలేదు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940వ దశకం చివరలో ఆరంభించిన శస్త్రచికిత్సలో, పనిచేస్తున్న కండరపు స్నాయువును మళ్లించి వంగిన వేళ్లకు కలుపుతారు. సుమారు మూడు వారాలు కట్టు, ఆపై వ్యాయామం తప్పనిసరి. వేళ్లు చాపగలిగినా, పోయిన స్పర్శ మాత్రం దీనితో తిరిగిరాదు.

ఇంట్లో జాగ్రత్తలు

రోజూ చేతిని కాసేపు నీటిలో నానబెట్టి, నూనె రాసి, రెండో చేత్తో వేళ్లను మెల్లగా చాపాలి. వేడి గిన్నెలను మందపాటి గుడ్డతో పట్టాలి. కొడవలి, పార పిడులకు గుడ్డ చుట్టుకోవాలి. రాత్రి పడుకునే ముందు చేతులు పరిశీలించుకోవాలి.

కుష్ఠు కారణంగా విడాకులు కోరే వీలును 2019లో చట్టం నుంచి తొలగించారు. ఊళ్లో భయం మాత్రం ఇంకా తొలగలేదు. స్పర్శ లేని మచ్చ, తిమ్మిరి, వంగుతున్న చిటికెన వేలు - వీటిలో ఏది కనిపించినా ఆశా కార్యకర్తకైనా, ఆరోగ్య కేంద్రంలోనైనా వెంటనే చూపించాలి. ఆలస్యమైన ప్రతి నెలా చేతి పనిని దూరం చేస్తుంది.