ఒకే ఆరాధన, రెండు ధ్రువపత్రాలు

హైదరాబాద్‌లో 2005లో మొదలైన కల్వరి టెంపుల్ నేడు అనేక పట్టణాలలో శాఖలు గల సంఘం. గిటార్లు, పెద్ద తెరలు, సెల్‌ఫోన్‌లో ప్రసంగాలు: ఈ తరహా ఆరాధన ఓరుగల్లు పరిసర జిల్లాల యువతనూ ఆకర్షిస్తోంది. కారణం సంగీతమే అనుకోవడం పొరపాటు. వాడలోని పాత చర్చి పేరు చెబితే ఊరికి కులం తెలిసిపోతుంది; పట్టణపు హాలులో ఇంటిపేరు ఎవరూ అడగరు.

అడిగేది రాజ్యం. జనగామ మాదిగ యువకుడు క్రైస్తవం స్వీకరిస్తే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం ఎస్సీ హోదా కోల్పోతాడు. ఒక్క శాతం రిజర్వేషన్ గల బీసీ-సీలో చేరతాడు. అదే వరుసలో కూర్చునే మహబూబాబాద్ లంబాడా యువతికీ, భూపాలపల్లి కోయ యువకుడికీ ఈ భయం లేదు. ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలిన నిబంధన క్రైస్తవులకు, ముస్లింలకు సడలలేదు. దానిని తొలగించాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందువునన్న వాదనను తిరస్కరించింది.

అందుకే గొంతెత్తి పాడే యువకులలో కొందరు బాప్తిస్మాన్ని మాత్రం వాయిదా వేస్తారు. తహసీల్దారు కార్యాలయానికి వెళ్లే రోజు బైబిలు ఇంట్లోనే ఉంటుంది.